స్విఫ్ట్‌కి 17 అంగుళాల అల్లాయ్స్ వేస్తే ఫెండర్ గ్యాప్ పోతుందా?

గోదారి_గట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్తే. నాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్. కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైర్లు, ఇనప డిస్కులు, పైన ప్లాస్టిక్ క్యాపులు. టైర్లు అరిగిపోయాయి, ఎలాగూ మార్చాలి. ఆ పనితోపాటు చాన్నాళ్లుగా ఉన్న అసంతృప్తి కూడా తీర్చుకుందామని ఉంది. పక్క నుంచి చూస్తే బండి నేల మీద నిలబడినట్టే ఉండదు. టైరుకీ ఫెండర్‌కీ (చక్రం పైనుండే బాడీ అంచు) మధ్య చెయ్యి దూరిపోయేంత ఖాళీ. ఫొటో తీస్తే ఇంకా ఘోరం.

ఇక్కడ షాపులో అడిగితే "17 వేసేయండి సార్, 205/45, గ్యాప్ మొత్తం నిండిపోతుంది" అన్నారు. నిజమేనా? వెనక సీట్లో నాన్నగారు కూర్చుంటారు, ఆయనకి నడుం నొప్పి. రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 16 చాలా, 17 కావాలా, అసలు మానేయాలా?

మస్తాన్_మోడ్స్ (గుంటూరు)
వేసెయ్ బ్రో. 14 మీద స్విఫ్ట్ అంటే క్యాబ్ లుక్కే. నేను 17 మీదే తిరుగుతున్నా, సిగ్నల్ దగ్గర ఆగితే తల తిప్పి చూస్తారు.

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
గోదారి_గట్టు గారూ, షాపువాళ్ల మాట పక్కన పెట్టి ముందు లెక్క చూడండి. టైరు పక్కన రాసిన మూడు అంకెల్లోనే మీ ప్రశ్నకి జవాబు ఉంది.

165/80 ఆర్14లో 165 అంటే టైరు వెడల్పు, మి.మీ.లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అంటే 132 మి.మీ. రిమ్ (టైరు ఎక్కించే లోహపు చక్రం) 14 అంగుళాలు, అంటే 355.6 మి.మీ. పైనా కిందా సైడ్‌వాల్ ఉంటుంది కాబట్టి మొత్తం వ్యాసం 355.6 + 132 + 132 = 619.6 మి.మీ.

ఇప్పుడు 205/45 ఆర్17 చూడండి. సైడ్‌వాల్ 92.25. రిమ్ 431.8. మొత్తం 616.3.

అంటే మూడంగుళాల పెద్ద రిమ్ వేస్తే చక్రం మొత్తంగా 3 మి.మీ. చిన్నదైంది. గ్యాప్ నిండడం మాట అటుంచి, ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది. కంటికి తెలియదు కానీ, "నిండిపోతుంది" అన్న మాట మాత్రం తప్పు. రిమ్ పెరిగినంత మేరా రబ్బరు తగ్గింది, అంతే జరిగింది.

పెద్ద రిమ్‌తో మారేది వేరే సంగతి. చక్రంలో లోహం వాటా ఎంత, రబ్బరు వాటా ఎంత అన్నది. మీ 14 మీద వ్యాసంలో 57 శాతం రిమ్. ఇదే స్విఫ్ట్‌లో పై వేరియంట్ జడ్‌ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చే 185/65 ఆర్15 మీద 61 శాతం. 195/55 ఆర్16 మీద 65. 17 మీద 70. కంటికి "బండి కూర్చుంది" అనిపించేది చాలావరకు ఈ వాటా వల్లే. గ్యాప్ కాదు.

గోదారి_గట్టు (రాజమండ్రి)
అయ్యో, ఇది నాకెవరూ చెప్పలేదు సార్. మరి గ్యాప్ తగ్గాలంటే ఏం చేయాలి?

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
రెండే దారులు. చక్రం మొత్తం వ్యాసం పెంచడం, లేదా స్ప్రింగులు మార్చి బాడీని కిందికి దించడం.

మొదటిది: 195/65 ఆర్15 వేస్తే వ్యాసం 634.5. మీ ఇప్పటి టైరు కంటే 15 మి.మీ. ఎక్కువ. వ్యాసంలో సగమే లెక్క కాబట్టి గ్యాప్ ఏడున్నర మి.మీ. తగ్గుతుంది, బండి కింద ఖాళీ అంతే పెరుగుతుంది. అయితే స్పీడోమీటర్ 2.4 శాతం తక్కువ చూపిస్తుంది, గేర్లు కొంచెం పొడుగైనట్టు అనిపిస్తాయి, 1.2 ఇంజిన్ పికప్‌లో ఆ తేడా తెలుస్తుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి లైనర్‌కి రాసుకుంటుందేమో చూసుకోవాలి. ఏడున్నర మి.మీ. కోసం ఇంత తతంగం అవసరమా అన్నది మీ ఇష్టం.

రెండో దారి గురించి వేరేవాళ్లు చెప్పాలి. నేను దాని జోలికి వెళ్లను.

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
టైర్ల పనిలోనే ఉన్నా కాబట్టి నాలుగు మాటలు.

కస్టమర్ వచ్చి "గ్యాప్ పోవాలి" అంటాడు. ఆయనకి నిజంగా కావాల్సింది గ్యాప్ పోవడం కాదు, చక్రం బయటికి రావడం. కంపెనీ చక్రాలు ఫెండర్ లోపలికి దాక్కున్నట్టు ఉంటాయి. ఎదురుగానో, వెనక నుంచో చూడండి, బాడీ వెడల్పుగా, చక్రాలు ఇరుగ్గా కనబడతాయి. దాన్ని సరి చేసేది రిమ్ సైజు కాదు. రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బండిని చదునైన చోట పెట్టి, స్టీరింగ్ నేరుగా ఉంచి, దారానికి ఒక నట్టు కట్టి ఫెండర్ అంచు మీద నుంచి చక్రం మధ్యకి వచ్చేలా వేలాడదీయండి. దారానికీ టైరు పక్క భాగానికీ ఎన్ని మి.మీ. ఉందో కొలవండి. అది తెలియకుండా రిమ్ కొనకండి. ముందూ వెనకా విడివిడిగా కొలవాలి, రెండూ ఒకేలా ఉండవు.

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
చిన్నా గారి మాటకి లెక్క జోడిస్తాను. ఆఫ్‌సెట్ అంటే రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కి (బండికి చక్రం బిగించే భాగం) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం. రిమ్ వెనక "ఈటీ" అని రాసి ఉంటుంది. ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది.

ఉదాహరణకి ఐదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ తీసి, ఏడంగుళాల వెడల్పు, ఈటీ 35 రిమ్ వేశారనుకోండి. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది, అంటే 38 మి.మీ. అది చెరో పక్క 19. ఆఫ్‌సెట్ 10 తగ్గింది. బయటి అంచు 19 + 10 = 29 మి.మీ. బయటికి వచ్చేస్తుంది. లోపలి అంచు 19 - 10 = 9 మి.మీ. షాకబ్జార్బర్ వైపు జరుగుతుంది. మీ దారం కొలత 15 వస్తే ఈ రిమ్ 14 మి.మీ. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొస్తుంది. బురద మొత్తం డోర్ల మీదే.

మస్తాన్_మోడ్స్ (గుంటూరు)
సార్ లెక్కలు బాగున్నాయి కానీ ఒక్క మాట. కొంచెం పొడుచుకొస్తేనే లుక్. పూర్తిగా లోపల ఉంటే కంపెనీ బండికీ మన బండికీ తేడా ఏముంది? నా 17 మీద హ్యాండ్లింగ్ కూడా మారింది. అవుటర్ మీద లేన్ మారితే బండి అతుక్కుపోతుంది, 14 మీద ఉన్నప్పుడు ఊగేది.

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
హ్యాండ్లింగ్ మాట నిజమే తమ్ముడూ, కాదనను. పొట్టి సైడ్‌వాల్ వంగదు, అందుకే స్టీరింగ్ తిప్పగానే బండి తిరుగుతుంది. కానీ ఆ వంగడమే గుంతలో దెబ్బని మింగేది. 132 మి.మీ. రబ్బరు 92 అయింది. నాలుగు సెంటీమీటర్లు పోయాయి. అంచు పదునుగా ఉన్న గుంతలో పడితే రబ్బరు నలిగి రిమ్‌కి ఆనుతుంది, లోపల దారాలు తెగుతాయి, మర్నాడు సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు. దానికి రిపేరు లేదు, టైరు పారేయడమే. రిమ్ వంగితే ఇంకో ఖర్చు. ఇనప డిస్కు వంగితే కొట్టి సరిచేసేవాళ్లం, అల్లాయ్ పగిలితే వెల్డింగ్ పెట్టి ఇస్తామనేవాళ్లు ఉన్నారు కానీ ఆ చక్రం మీద నేనైతే హైవే ఎక్కను.

ఇంకోటి. వానాకాలంలో నా దగ్గరికి ఉబ్బిన టైర్లతో వచ్చే బండ్లలో 16, 17 రిమ్ములవే ఎక్కువ. 80 సిరీస్ టైరు ఉబ్బి రావడం అరుదు.

పద్మజ_కె (కాకినాడ)
గోదారి_గట్టు గారూ, మీ నాన్నగారి నడుం నొప్పి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతున్నా. మా ఇంట్లో ఇదే స్విఫ్ట్, జడ్‌ఎక్స్ఐ, 15 అంగుళాలు. మా అత్తయ్యగారికి వెనక సీట్లో అదే ఇబ్బందిగా ఉంటుంది. ముందు సీట్లో కూర్చోబెట్టి, గాలి కంపెనీ చెప్పినంతే పెట్టిస్తే ఫర్వాలేదు. టైర్ షాపులో అడక్కపోతే గాలి నిండా కొట్టి పంపుతారు. డ్రైవర్ డోర్ తెరిచి చూస్తే స్టిక్కర్ మీద ఏ సైజుకి ఎంత గాలో ఉంటుంది, అది చూపించి పెట్టించండి.

17 వద్దనే నా మాట. మీరు కారు బయట నిలబడి చూసే సమయం ఎంత, మీ నాన్నగారు లోపల కూర్చునే సమయం ఎంత?

వీల్_రాజు_కరీంనగర్ (కరీంనగర్)
ఒక డౌట్. మా ఊర్లో ఒకరు రిమ్ము మార్చకుండా అదే 14 డిస్కు మీద 175/70 వేస్కోమంటున్నరు, "అప్‌సైజ్" అంట. టైర్ వెడల్పు పెరుగుతది, బండి బాగుంటది అన్నరు. చవక గూడ. వేస్కోవచ్చా?

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
లెక్క వేయండి రాజు గారూ. 175లో 70 శాతం 122.5. రెండుసార్లు 245. ప్లస్ 355.6. మొత్తం 600.6. పాత టైరు 619.6. అంటే 19 మి.మీ. చిన్న చక్రం! బండి తొమ్మిదిన్నర మి.మీ. కిందికి దిగుతుంది, గ్యాప్ అంతే పెరుగుతుంది, స్పీడోమీటర్ ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది, ఓడోమీటర్‌లో కిలోమీటర్లు ఊరికే తిరుగుతాయి. స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) 163 మి.మీ. అందులోంచి ఇది పోగొట్టుకోవడం దేనికి?

వెడల్పు పెంచితే "అప్" కాదు. అదే 14 డిస్కు మీద వెడల్పే కావాలంటే 185/70 ఆర్14 వ్యాసం 614.6 వస్తుంది, కొంచెం దగ్గర. కానీ 165 కోసం చేసిన సన్నటి డిస్కుకి 185 సరిపోతుందో లేదో ముందు చూసుకోవాలి. ఒక్కో టైరు సైజుకి ఏయే వెడల్పు రిమ్ములు సరిపోతాయో టైరు కంపెనీలే పట్టిక ఇస్తాయి. ఉదాహరణకి 195/55 ఆర్16కి ఐదున్నర నుంచి ఏడు అంగుళాల దాకా.

థార్_తాత (విశాఖపట్నం)
పిల్లలంతా కిందికి దించే గొడవలో ఉన్నారు, మేం పైకి లేపే గొడవలో ఉన్నాం. లెక్క మాత్రం ఒకటే.

2020లో వచ్చిన థార్‌కి కంపెనీయే రెండు సైజులు ఇచ్చింది. ఏఎక్స్ వేరియంట్‌కి 245/75 ఆర్16, వ్యాసం 774. ఎల్ఎక్స్ వేరియంట్‌కి 255/65 ఆర్18, వ్యాసం 789. రెండూ పక్కపక్కన నిలబెడితే 16 రిమ్ బండికే ఎక్కువ మొరటుతనం కనబడుతుంది, రబ్బరు ఎక్కువ కాబట్టి. అరకు ఘాట్ దాటి మట్టి దారుల్లోకి వెళ్లేవాడు పెద్ద రిమ్ కోరుకోడు. గాలి తగ్గించి నడపాలంటే ఎత్తైన సైడ్‌వాల్ కావాలి. "పెద్ద చక్రం", "పెద్ద రిమ్" ఈ రెండూ వేరు అన్నది థార్ గుంపులో అందరికీ తెలుసు, కార్ల వాళ్లే కలిపేస్తారు.

మా కుర్రాళ్లు కొందరు 285/70 ఆర్17 వేస్తున్నారు. వ్యాసం 831, దాదాపు 33 అంగుళాలు. ఎల్ఎక్స్ కంటే 42 మి.మీ. పెద్దది. స్పీడోమీటర్ 95 చూపిస్తుంటే బండి నిజంగా 100 మీద ఉంటుంది. స్టెప్నీ వెనక తలుపుకి వేలాడుతుంది కదా, ఆ బరువంతా తలుపు కీళ్ల మీద పడుతుంది. చక్రం బరువు పెరిగితే ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి, కదిలించడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి. బరువు చక్రం అంచున ఉంటే ఇంకా ఎక్కువ. చూడ్డానికి మాత్రం అదిరిపోతుంది, ఒప్పుకుంటా.

రూల్స్_రామం (హైదరాబాద్)
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి విరుద్ధమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ (4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మీ మోడల్‌కి పై వేరియంట్‌లో కంపెనీయే ఇచ్చిన సైజు వేస్తే గొడవ ఉండదు. గోదారి_గట్టు గారి స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 అలాంటిదే. ఫెండర్ దాటి బయటికి వచ్చే టైర్లు, స్పేసర్లు (చక్రాన్ని బయటికి నెట్టే దిమ్మెలు), నరికిన ఫెండర్లు పోలీసుల కంట్లో పడతాయి. ఇన్సూరెన్స్‌లో అల్లాయ్స్ వేశానని ముందే చెప్పి పాలసీలో రాయించుకోండి, యాక్సెసరీల కింద కొంచెం ప్రీమియం కట్టించుకుంటారు. చెప్పకుండా వేసి, ఆ చక్రమే ఊడి ప్రమాదమైతే క్లెయిమ్ దగ్గర వాదించాల్సి వస్తుంది.

మస్తాన్_మోడ్స్ (గుంటూరు)
రామం గారూ, గుంటూరులో సగం బండ్లు అల్లాయ్స్ మీదే ఉన్నాయి. ఎవర్నీ ఆపలేదు.

రూల్స్_రామం (హైదరాబాద్)
ఆపలేదు కాబట్టి చట్టం లేదని కాదు కదా తమ్ముడూ. అల్లాయ్ మాత్రమే కాదు నేనన్నది. కొలత మారిపోవడం గురించి.

షార్లెట్_సురేష్ (నార్త్ కరోలినా)
ఇక్కడి కథ ఒకటి. మా రాష్ట్రంలో కుర్రాళ్లు పికప్ ట్రక్కుల ముందు భాగం బాగా లేపి, వెనక భాగం దించి నడిపేవాళ్లు. "కరోలినా స్క్వాట్" అంటారు. బండి ఆకాశం వైపు చూస్తూ పోతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో. బానెట్ అడ్డొచ్చి ముందు ఎవరున్నారో డ్రైవర్‌కి కనబడదు. 2021 డిసెంబర్ 1 నుంచి ఇక్కడ దాన్ని నిషేధించారు. ముందు ఫెండర్ వెనకదాని కంటే నాలుగు అంగుళాలు లేదా అంతకు మించి ఎత్తుగా ఉండకూడదు. కొలిచేది కూడా నేల నుంచి ఫెండర్ ఎత్తే, మీరు ఇక్కడ మాట్లాడుకుంటున్నదే.

ముందూ వెనకా ఎత్తుల తేడా బండి స్టాన్స్‌ని, అంటే నేల మీద నిలబడే తీరుని, ఎంత మారుస్తుందో ఇక్కడికొచ్చాకే గమనించాను. మామూలు కార్లలో వెనక గ్యాప్ కొంచెం ఎక్కువ ఉంటుంది, వెనక సీట్లో మనుషులు, డిక్కీలో సామాను వస్తుందని. ఖాళీ బండి ఫొటో తీసి గ్యాప్ ఎక్కువుందని బాధపడితే ఎలా? ఐదుగురిని ఎక్కించి చూడండి.

గోదారి_గట్టు (రాజమండ్రి)
నేను ఖాళీ బండిని మా ఇంటి వాలు మీద పెట్టి ఫొటోలు తీశాను సురేష్ గారూ. ఇవాళ చదునైన చోట, నలుగురం ఎక్కి, తమ్ముడితో తీయించాను. వెనక గ్యాప్ చాలా తగ్గింది. ముందు మాత్రం అలాగే ఉంది.

దారం కొలత ముందు 17, వెనక 21 వచ్చింది.

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
కొలిచినందుకు సంతోషం. కొలిచేటప్పుడు ముందూ వెనకా టైర్ల అరుగుదల కూడా చూడండి. కొత్త టైరు మీద గాడి దాదాపు 8 మి.మీ. ఉంటుంది, అరిగినదాని మీద రెండో మూడో. ముందు టైర్లు ఎక్కువ అరుగుతాయి కాబట్టి అక్కడే ఐదారు మి.మీ. గ్యాప్ అదనంగా కనబడుతుంది. కొత్తవి వేస్తేనే కొంత తేడా వస్తుంది.

వనజ_వ్యాగన్ (వరంగల్)
నాది వ్యాగన్ఆర్. దీని స్టాన్స్ గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్. చక్రాలు మరీ చిన్నవిగా, పైన పెద్ద పెట్టెలా ఉంటుంది.

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
వనజ గారూ, మీ కంటికి అనిపించింది లెక్కలో కూడా కనబడుతుంది. బండి ఎత్తులో చక్రం వ్యాసం ఎంత శాతమో చూడండి. స్విఫ్ట్ ఎత్తు 1530, చక్రం 620, అంటే దాదాపు 41 శాతం. క్రెటా ఎత్తు 1635, పై వేరియంట్లలో 215/60 ఆర్17 చక్రం 690, అంటే 42 శాతం. మీ వ్యాగన్ఆర్ ఎత్తు 1675, 165/70 ఆర్14 చక్రం 587, అంటే 35 శాతమే. ఎత్తైన పైకప్పు, తల తగలని సీట్లు కావాలని చేసిన బండి అది. వృద్ధులు సులువుగా ఎక్కి దిగుతారు. దానికి 15 రిమ్ వేసినా ఈ నిష్పత్తి మారదు, ఎందుకంటే వ్యాసం మారదు. నిష్పత్తి మారేంత పెద్ద చక్రం ఆ ఫెండర్‌లో పట్టదు.

క్రెటాలో ఇంకో విశేషం ఉంది. కింది వేరియంట్ల 205/65 ఆర్16 వ్యాసం 673, పై వేరియంట్ల 17 వ్యాసం 690. ఇక్కడ కంపెనీ రిమ్‌తోపాటు మొత్తం చక్రాన్నే 17 మి.మీ. పెంచింది. అందుకే షోరూంలో పై వేరియంట్ ఠీవిగా కనబడుతుంది. అది చూసి జనం అనుకునేది "రిమ్ పెద్దది కదా" అని.

వనజ_వ్యాగన్ (వరంగల్)
అయితే మా బండి ఇంతేనన్నమాట. సరే, మా అమ్మకి ఎక్కడం సులువు, అది నిజమే. నల్ల డిస్కు క్యాపులు తీసి వెండి రంగువి వేశాను, చక్రం కాస్త పెద్దగా అనిపిస్తోంది.

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
మంచి పని చేశారమ్మా. నల్ల టైరు, నల్ల రిమ్, పైన నల్లటి గ్యాప్, మూడూ కలిసిపోయి చక్రం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. లేత రంగు రిమ్ గుండ్రంగా స్పష్టంగా కనబడుతుంది. ఖర్చు లేని స్టాన్స్ ఇదే.

పెద్ద రిమ్ములతో ఇంకో తమాషా ఉంది. 17 అంగుళాల సన్నటి స్పోకుల వెనక స్విఫ్ట్ వెనక బ్రేకు డ్రమ్ము బొమ్మలా కనబడుతుంది, పెద్ద కంచంలో చిన్న గిన్నె పెట్టినట్టు. ఆ డిజైన్ పెద్ద డిస్కు బ్రేకులున్న బండ్లకి బాగుంటుంది. స్పోకులు ఒత్తుగా ఉన్నవి తీసుకుంటే అది దాగుతుంది.

మస్తాన్_మోడ్స్ (గుంటూరు)
నా డ్రమ్ములకి ఎర్ర రంగు వేయించా చిన్నా అన్నా. సూపర్‌గా ఉంది.

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
నీకు చెప్పి లాభం లేదు తమ్ముడూ.

కిరణ్_లో_రైడ్ (హైదరాబాద్)
స్కేలు సార్ జోలికి వెళ్లనన్న స్ప్రింగుల గురించి నేను చెప్తాను. గ్యాప్ పోవాలంటే అసలైన పని ఇదే. 15 రిమ్ మీద కూడా 30 మి.మీ. దించితే స్విఫ్ట్ చాలా అందంగా ఉంటుంది. కానీ 163లోంచి 30 తీస్తే 133. ఐదుగురు కూర్చుంటే ఇంకా దిగుతుంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటిది మన కాలనీల్లో ఎక్కడైనా చూశారా? మూరెడు వెడల్పులో గోడ కట్టినట్టు ఉంటాయి. నేను వాటిని ఏటవాలుగా దాటుతాను, వెనకవాళ్లు హారన్ కొడుతుంటారు. పైగా కంపెనీ షాకులతో పొట్టి స్ప్రింగులు వేస్తే షాకులు త్వరగా పోతాయి, సెట్టు మొత్తం మార్చాలి. స్ప్రింగు కోసేసే మెకానిక్కులు ఉన్నారు, వాళ్ల దగ్గరికి అస్సలు వెళ్లకండి. కోసిన స్ప్రింగు బండి లేచినప్పుడు తన గూటిలోంచి జారిపోగలదు.

ఒంటరిగా తిరిగే నాలాంటోడికి సరే. నాన్నగారిని కూర్చోబెట్టుకునేవాళ్లకి కాదు.

గోదారి_గట్టు (రాజమండ్రి)
అర్థమైంది. 17 మానేశాను, స్ప్రింగులు కూడా వద్దు. ఇప్పుడు 185/65 ఆర్15, 195/55 ఆర్16 ఈ రెండింటి మధ్య ఊగుతున్నాను. 16 వ్యాసం 620.9 వచ్చింది నా లెక్కలో, అంటే దాదాపు అంతే. సైడ్‌వాల్ 107. అది చాలా?

పద్మజ_కె (కాకినాడ)
15.

థార్_తాత (విశాఖపట్నం)
15. రోడ్డు పక్కన ఏ ఊర్లోనైనా 185/65 ఆర్15 దొరుకుతుంది. 195/55 ఆర్16 కోసం ఊరు దాటాలి. రాత్రి పదింటికి దారిలో టైరు పగిలితే అప్పుడు తెలుస్తుంది.

మస్తాన్_మోడ్స్ (గుంటూరు)
16. కనీసం 16 అయినా వెయ్ బ్రో, ప్లీజ్.

స్కేలు_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
16 తీసుకుంటే లోడ్ ఇండెక్స్ చూడండి. మీ 14 టైరు మీద 85 ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని. 195/55 ఆర్16లో 87 దొరుకుతుంది, 545 కిలోలు, ఇబ్బంది లేదు. 15లో 88, 560 కిలోలు. పాత టైరు మీద ఉన్న అంకె కంటే తక్కువది ఎప్పుడూ వేయకూడదు. తయారైన తేదీ కూడా చూడండి. టైరు పక్కన రాసి ఉండే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. ఆఫర్ అని చెప్పి పాత స్టాకు అంటగడతారు.

నా మాట 15. మీ దారం కొలత ముందు 17 ఉంది కాబట్టి, పాత చక్రం కంటే బయటి అంచు పది, పన్నెండు మి.మీ. దాకా బయటికొచ్చే రిమ్ చూసుకోండి. ఫెండర్ దాటదు, దాక్కున్నట్టూ ఉండదు. అంతకు మించి ఆఫ్‌సెట్ తగ్గిస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని లాగుతుంది.

గోదారి_గట్టు (రాజమండ్రి)
185/65 ఆర్15 ఖాయం చేశాను. వెండి రంగు, ఒత్తు స్పోకులు. మస్తాన్ గారూ సారీ. నాన్నగారికి ఫొటో చూపిస్తే "ఇప్పుడు చక్రాలు ఉన్నట్టు కనబడతాయి" అన్నారు. పాత డిస్కుల్లో బాగున్నది ఒకటి స్టెప్నీకి ఉంచుకుంటున్నాను. 619.6, 621.5, తేడా రెండు మి.మీ.లే కాబట్టి పని నడుస్తుంది కదా?

ఆటోనగర్_చిన్నా (విజయవాడ)
పంచరైతే ఊరు చేరేదాకా నడుస్తుంది. వెడల్పు వేరు కాబట్టి నెమ్మదిగా పోయి, వెంటనే మార్చేసుకోండి.

బిగించే రోజు ఈ మూడూ దగ్గరుండి చూసుకోండి. ఒకటి, స్విఫ్ట్ హబ్ మధ్య 54.1 మి.మీ. ఉంటుంది. బయట దొరికే రిమ్ములకి మధ్య రంధ్రం పెద్దది. ఆ ఖాళీ నింపే రింగులు వేయమనండి, లేకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. రెండు, నట్లు. సుజుకీవి 12 మి.మీ., 1.25 మర. హోండా, టయోటాలవి 1.5 మర. షాపులో డబ్బాలో కలిసిపోయి ఉంటాయి, గన్ పెట్టి బిగిస్తే తప్పుడు నట్టు కూడా ఎక్కేసి బోల్టు మర తినేస్తుంది. మొదటి నాలుగు చుట్లు చేత్తో తిప్పమనండి. నట్టు కూర్చునే చోటు కూడా రిమ్‌కి సరిపోవాలి, కోన్ ఆకారం రిమ్‌కి కోన్ నట్టే.

మూడు, అలైన్‌మెంట్ (చక్రాలు నేరుగా ఉన్నాయో చూసి సరిచేయడం) చేయించుకోండి. ఇవి కాక, కొత్త అల్లాయ్ కొంచెం కూర్చుంటుంది కాబట్టి వంద కిలోమీటర్లు తిరిగాక వచ్చి నట్లు మళ్లీ బిగించుకోండి. గన్‌తో కాదు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో. దానికి డబ్బులు అడిగితే ఇవ్వకండి.